కింది ఊరికి కబురు

చెరువు అలుగు దుంకిన చప్పుడు రాత్రిపూట ఊళ్ళోకి వినబడితే, మా దిక్కు ఊళ్ళల్లో ముందు కింది ఊరికి కబురు పోయేది. చెరువు నీళ్ళు చూసే నీరటి గానీ, ఊరి పనులు చేసే మస్కూరి గానీ లాంతరు పట్టుకొని, వాగు గట్టు వెంబడి నడిచిపోయి, "మా చెర్వు అలుగు వోస్తున్నది, మీ కట్ట చూసుకోండ్రి" అని చెప్పి వచ్చేటోడు. కట్టమైసమ్మకు సాక పోసుడు, కొబ్బరికాయ కొట్టుడు, అలుగు కింద పిల్లలు చాపలు పట్టుడు, అవన్నీ తెల్లారినంక. నల్లగొండ, పాలమూరు ఊళ్ళ పాత రోజులు తలుచుకుంటే ముందుగా కళ్ళ ముందు కదిలేది ఆ లాంతరు వెలుగే.

ఇప్పుడు ఎవరికన్న చెడు జరిగితే "వాని కర్మ" అని ఒక్క మాటతో తీసేస్తున్నం. చెరువు కింద బతికిన తరాల నోట ఆ మాట ఇంత తేలికగా వచ్చేది కాదు. చేసిన పని ఏ కాలువలో పడి, ఏ మడికి చేరి, ఎవరి గింజను తాలు చేసిందో వాళ్ళకు కళ్ళముందు కనబడేది. చేసుకున్నోనికి చేసుకున్నంత అనే సామెత వాళ్ళ నోటనే ఉన్నా, పై చెరువోడు చేసుకున్నది కింది చెరువోడు అనుభవించే సంగతి కూడా వాళ్ళకే బాగా ఎరుక.

మాది రాతినేల. ఏడాదికి పడేది 600 నుంచి 750 మిల్లీమీటర్ల వాన, అదీ నాలుగైదు దెబ్బల్లో పడి పోతుంది. అందుకే పెద్దలు గొలుసుకట్టు చెరువులు కట్టిన్రు. పై చెరువు నిండితే అలుగు నీళ్ళు వాగై కింది చెరువుకు, అది నిండితే ఇంకో కిందిదానికి, అట్లా దిగి దిగి మూసీకో, డిండికో, చివరికి కృష్ణకో చేరేవి. ప్రతి చెరువుకూ నాలుగు భాగాలు. నీళ్ళను ఆపే కట్ట, నీళ్ళను వదిలే తూము, ఎక్కువైనవి దాటిపోయే అలుగు, నీళ్ళు నిలిచే శిఖం. కింద పారే పొలమంతా ఆయకట్టు. శిఖం అన్న మాట ఫార్సీ నుంచి వచ్చింది, ఆ భాషలో దానికి అర్థం కడుపు. చెరువు కడుపులో పట్టా చేయించుకొని ఇల్లు కట్టుకుంటున్న ఈ కాలంలో ఆ అర్థం ఒకసారి గుర్తు చేసుకోవలసిందే.

చెరువు తవ్వించుడు పుణ్యకార్యమని శాస్త్రం కూడా చెప్పింది. సప్త సంతానాలని లెక్కపెట్టేటప్పుడు కొడుకు, గుడి, వనం, కావ్యం, నిధి, అగ్రహారంతో పాటు చెరువును కూడా సంతానంగానే ఎంచిన్రు. మనిషి పోయినా అతని పేరు మీద పని చేస్తూ ఉండేదే సంతానం అన్నమాట. పుణ్యం ఒక్కటే చెప్పి ఊరుకోలేదు. చెరువు కట్టినోళ్ళకు, చెడిన చెరువును బాగుచేసినోళ్ళకు దశబంధమని మాన్యం రాసి ఇచ్చిన్రు. పుణ్యం పైలోకంలో, భూమి ఈ లోకంలో. నల్లగొండ పక్కన పానగల్లులో కందూరు చోడుల కాలం నాటి ఉదయసముద్రం ఇప్పటికీ నీళ్ళు పట్టుకొని ఉన్నది. ఇవ్వాళ దాన్ని కృష్ణ నీళ్ళతో నింపుతున్నరు.

పాత దానశాసనాల చివర ఒక శ్లోకం తరచుగా కనబడుతుంది. "స్వదత్తాం పరదత్తాం వా యో హరేత వసుంధరాం, షష్టిర్వర్ష సహస్రాణి విష్ఠాయాం జాయతే క్రిమిః". తాను ఇచ్చిందైనా, పరులు ఇచ్చిందైనా, దానభూమిని కాజేసినవాడు 60,000 ఏళ్ళు పెంటలో పురుగై పుడతాడని. శాసనం రాయి పైభాగాన సూర్యుడు, చంద్రుడు. అవి ఉన్నన్నాళ్ళు ఈ మాట చెల్లుతుందని. ఈ శ్లోకంలో అందరూ పురుగు దగ్గరే ఆగిపోతరు. అసలు బిగువంతా మొదటి మాటలో ఉంది. స్వదత్తాం. ఇచ్చినవాడే మళ్ళీ తీసుకున్నా అంతే పాపం. ఊరికి వదిలింది ఊరిదే, వదిలిన చేతికి దాని మీద హక్కు లేదని రాయి మీద చెక్కించిన్రు.

కర్మ గురించి చెరువు భాషలో చెప్పినవాళ్ళు జైనులు. మా పాత నల్లగొండ జిల్లా కొలనుపాక జైనులకు పేరున్న క్షేత్రం. వాళ్ళ సూత్రాల్లో ఒక పోలిక ఉన్నది. పెద్ద చెరువును ఎండగట్టాలంటే ముందు లోపలికి వచ్చే నీళ్ళు ఆపాలి, తర్వాత ఉన్నవి తోడాలి, మిగిలినవి ఎండకు ఆవిరి కావాలి. మనిషిలో చేరిన కర్మ కూడా అంతే. లోపలికి పారి వచ్చుడు ఆస్రవం, ఆ దారి మూసుడు సంవరం, ఉన్నది కరగదీసుడు నిర్జర. వచ్చే కాలువ మూయకుండా ఎంత తోడినా చెరువు ఎండదు. రోజూ తప్పు చేస్తూ ఏటేటా గుడికి పోయి దండం పెట్టుకునే వాళ్ళకు ఇంతకంటే సూటిగా చెప్పే మాట దొరకదు.

మన ఇళ్ళల్లో మూడు రకాల కర్మగా చెప్పే సంచితం, ప్రారబ్ధం, ఆగామి కూడా ఇట్లాగే చెప్పుకోవచ్చు. పెద్దలు దీనికి గుమ్మి పోలిక చెప్పేవారు. గుమ్మిలో పోసి ఉన్న గింజలు సంచితం, పొయ్యి మీద ఉడుకుతున్నవి ప్రారబ్ధం, చేన్లో ఇప్పుడు చల్లుతున్నవి ఆగామి. చెరువుకు పెట్టి చూసినా సరిగ్గా కుదురుతుంది. నిలిచిన నీళ్ళు, తూము దాటి కాలువలో పడ్డ నీళ్ళు, రేపటి వాన. తూము దాటిన నీళ్ళను వెనక్కి మళ్ళించే మొనగాడు లేడు.

తూము దగ్గర ఉండేవాడు నీరటి. పాత తూము అంటే చెరువు లోపల నిలబెట్టిన రెండు రాతి స్తంభాలు, వాటి నడుమ అడ్డ బండలు, అడుగున బండకు గుండ్రటి రంధ్రం, ఆ రంధ్రంలో మొన దేలిన కట్టె బిరడా, దానికి పొడుగాటి కర్ర. బిరడాను ఎంత పైకి లేపితే అన్ని నీళ్ళు. నీళ్ళల్లో నాని కట్టె ఉబ్బి బిగుసుకుంటే నీరటి మునిగి కదిలించాలి. అరిగి సందు పడితే గడ్డి, బంకమన్ను కలిపి అడుగున అద్ది రావాలి. నిండు చెరువులో తూము లాగే చోట నీళ్ళు మనిషిని గుంజుతయి, కాలు రంధ్రానికి అడ్డం పడితే పైకి రావుడు కష్టం. ఆయకట్టు అందరి అన్నం ఆ ఒక్కని ఊపిరి మీద ఉండేది. కోతలైనంక కళ్ళంలో నీరటి వాటా తీసిపెట్టకుండా రాశిని ఇంటికి ఎత్తుకపోతే పాపమని ఎందుకన్నరో దీన్ని చూస్తే తెలుస్తుంది.

కళ్ళంలో కొలత కూడా చూడవలసిన ముచ్చట. మొదటి కుంచానికి ఒకటి అనరు, లాభం అంటరు. ఆరు తర్వాత ఏడు అనరు, ఏడుపు మాట కళ్ళంలో వద్దని ఆరున్నొకటి అంటరు. మోసం అంకెల్లో జరగదు, చేతిలో జరుగుతుంది. కుంచం నింపేటప్పుడు బొటనవేలు లోపల పెట్టి పట్టుకుంటే గుప్పెడు గింజలు తగ్గుతయి. మెల్లగా జారవిడిస్తే గింజ గుల్లగా కూర్చుంటది, కుదిపి పోస్తే ఎక్కువ పడుతుంది. తీసుకునేటప్పుడు కుదిపి, ఇచ్చేటప్పుడు జారవిడిచే చెయ్యి ఎవరిదో ఊరందరికీ తెలుసు. ఆ చేతితో కొలిపించుకోను అని జీతగాడు నోరు తెరిచి అనలేని రోజులవి. పాపభయం గురించి మురిపెంగా చెప్పుకునేటప్పుడు ఈ సంగతి దాచిపెట్టుడు తప్పు. భయం ఉన్నవాళ్ళు భయపడ్డరు, బలం ఉన్నవాళ్ళు చాలాసార్లు భయపడలేదు.

నీళ్ళు తక్కువైన ఏడు తాబీ పంటకు ఆయకట్టు మొత్తం పారదు. ఆబీ అంటే వానాకాలం, తాబీ అంటే యాసంగి. చెరువులో ఎన్ని నీళ్ళున్నయో చూసి, ఎవరెవరు ఎంత నాటు వెయ్యాలో ముందే తేల్చుకునేది తైబందీ. వరికి పంటకాలమంతా కలిపి దాదాపు నాలుగు అడుగుల లోతు నీళ్ళు కావాలి. ఎకరం మీద అడుగు లోతు నిలిస్తే 12 లక్షల 33 వేల లీటర్లు. అంటే ఎకరం వరికి 49 లక్షల లీటర్ల పైచిలుకు. ఈ లెక్క కాగితం మీద లేకపోయినా పెద్ద రైతుల కళ్ళల్లో ఉండేది. తూము బండ మీద తడి గుర్తు చూసి ఎన్ని మళ్ళు తడుస్తయో చెప్పేటోళ్ళు.

తర్వాత వంతులు. పగటి వంతుకు నీడ, రాత్రి వంతుకు చుక్కలు. పిల్లలకోడి నడినెత్తికి వచ్చేదాకా ఒకరిది, గొల్లకావడి వాలేదాకా ఇంకొకరిది, వేగుచుక్క పొడిస్తే మూడోవాడిది. నీళ్ళ దొంగతనం కూడా చుక్కల కిందనే. పారతో కాలువ గట్టుకు చిన్న గండి కొట్టి, తన మడి తడిసినంక గడ్డపెళ్ళతో మూసి, పైన ఎండుమట్టి చల్లుడు. తెల్లారి అడిగితే ఒకే జవాబు. "ఎండ్రకాయ బొక్క వెట్టింది పటేలా, నేనేం జెయ్యలే." నీరటి వంగి చూసేవాడు. ఎండ్రకాయ తవ్విన బొక్క వంకర పోతుంది, మూతి చుట్టూ అది బయటికి తోసిన మట్టి ఉండలు గోలీల్లాగా ఉంటయి. కట్టెతో పొడిచిన బొక్క తిన్నగా ఉంటది, మూతి దగ్గర ఉండలు ఉండవు, లోపలి గోడ నున్నగా నిగనిగలాడుతది. ఒప్పుకుంటే వచ్చే వంతు తెగుతది. ఒప్పుకోకపోతే తడిబట్టలతో కట్టమైసమ్మ ముందు ప్రమాణం. ఆ మెట్టు ఎక్కేదాకా రానిచ్చేవాళ్ళు తక్కువ.

అలుగు విషయంలో రెండు దిక్కులా పాపముండేది. ఆయకట్టు వాళ్ళకు అలుగు ఎత్తు పెంచాలనే ఆశ. శిఖంలో సాగు చేసుకునే వాళ్ళకు అలుగు తగ్గించి, మునిగిన భూమి తేల్చాలనే ఆశ. వంద ఎకరాల్లో నీళ్ళు పరుచుకున్న చెరువు అలుగు మీద అర్ధ అడుగు ఇసుక బస్తాలు పేరిస్తే 50 ఎకరాల మీద అడుగు లోతు నీళ్ళు ఎక్కువ ఆగుతయి. పన్నెండు ఎకరాల వరి. ఆశ పుట్టుడు సహజమే. కానీ పెద్ద వాన వచ్చిన రాత్రి కట్టకు భయం లేకుండా అలుగు మీద నుంచి రెండడుగుల మందాన నీళ్ళు పోవలసిన చోట అడుగున్నరే పోతయి. మందం తగ్గింది పావు వంతే, పోయే నీళ్ళు మాత్రం మూడో వంతుకు పైగా తగ్గుతయి. అలుగు మీద నీళ్ళ లెక్క మందంతో సమానంగా నడవదు, మందం పెరిగిన కొద్దీ పారే వడి కూడా పెరుగుతుంది కాబట్టి. మిగిలిన ఆ మూడో వంతు కట్ట మీదికి ఎక్కుతుంది. మట్టి కట్ట మీద నుంచి నీళ్ళు దాటితే గంటల్లో గండి. ఆ గండి నీళ్ళు కింది చెరువు అలుగుకు మించి పోయి దాన్ని తెంపుతయి, అది ఇంకో దాన్ని. బస్తాలు పేర్చినవాడు పై ఊర్లో వెచ్చగా పడుకొని ఉంటడు.

అన్ని గండ్లూ అట్లా రావు. ఎక్కువ భాగం చిన్నగా, ఏళ్ళ తరబడి తయారైతయి. కట్ట మీద మొలిచిన సర్కారు తుమ్మను చిన్నప్పుడే వేరుతో పీకెయ్యాలి. పెద్దదయినంక నరికి వదిలేస్తే మొద్దు కింద వేర్లు మురిగి, కొన్నేళ్ళకు కట్ట లోపల గొట్టం లాంటి దారి మిగులుతుంది. ఎలుకలు, ఎండ్రకాయలు దాన్ని వెడల్పు చేస్తయి. కట్ట వెనక అడుగున జాలు కనబడుతుంది. జాలు నీళ్ళు దోసిట పట్టి చూడాలి. తేటగా ఉంటే కట్ట ఊటే, కంగారు లేదు. మట్టి రంగు ఉంటే కట్ట లోపలి నుంచి కరిగి వస్తున్నట్టు. అప్పుడు చాలామంది చేసే తప్పు, నీళ్ళు బయటికి వచ్చే చోట బంకమన్ను కొట్టి మూసెయ్యడం. లోపల ఒత్తిడి పెరిగి పక్కన ఇంకోచోట పగులుతుంది. బయటి మూతి మీద ముందు ఇసుక, దాని మీద కంకర, ఆపైన రాళ్ళు పేర్చాలి. నీళ్ళు రావాలి, మట్టి రావొద్దు. మూయవలసింది చెరువు లోపలి వైపు. అక్కడ నీళ్ళు చిన్న సుడి తిరుగుతున్న చోటు వెతికి, గడ్డిమోపు, బంకమన్ను దాంట్లోకి తొయ్యాలి. తప్పు బయటపడ్డ చోట మూసుడు వేరు, మొదలైన చోట మూసుడు వేరు. కట్ట మీద పనిచేసిన వాళ్ళకు ఇది ఎవరూ చెప్పనక్కర లేదు.

వనపర్తి జిల్లాలో సరళాసాగర్ ఉన్నది. సంస్థానం రాజుగారి తల్లి పేరు పెట్టిన ప్రాజెక్టు. దానికి గేట్లు ఎత్తే మనుషులు అక్కర లేకుండా, నీళ్ళు ఒక మట్టం దాటితే వాటంతట అవే గుంజి పారబోసే సైఫన్లు కట్టిన్రు. దేశమంతా చెప్పుకున్న పనితనం. ఏళ్ళ తర్వాత నిండిందని జనం సంబరపడ్డ కొద్దికాలానికే, 2019 డిసెంబర్ 31 పొద్దున మట్టికట్ట తెగి నీళ్ళన్నీ పోయినయి. మళ్ళీ కట్టిన్రు. ఎంత తెలివైన అలుగున్నా, మట్టికట్టను ఏడాది పొడుగునా కనిపెట్టి చూసే కండ్లు కావాలి.

బోర్లు వచ్చినంక చెరువును చూసే అవసరం పోయింది. తైబందీ అక్కర లేదు, వంతు అక్కర లేదు, నీరటి అక్కర లేదు. ఎవరి మోటరు వాళ్ళది. పూడిక తీసుడు ఆగిపోయింది. 2015లో సర్కారు చెరువుల బాగుకు మిషన్ కాకతీయ మొదలుపెట్టి 46,000కు పైగా చెరువులను లెక్కలోకి తెచ్చి పూడిక తీసినప్పుడు, ఒండ్రు చెలకలకు మళ్ళీ చేరింది. ఎకరం మీద అంగుళం మందం ఒండ్రు పరవాలంటే వంద ఘనమీటర్ల పైన కావాలి, ట్రాలీకి మూడు ఘనమీటర్లు వేసుకుంటే ముప్పై నాలుగు ట్రాలీలు. ఎర్ర చెలకలో ఆ నల్లమట్టి తేమను పట్టి ఉంచుతుంది, వాన మొఖం చాటేసిన వారం పది రోజులు పంటను కాపాడుతుంది. పూర్వం ఇదే పని ఎండకాలం బండ్ల మీద, ఎవరూ చెప్పకుండానే జరిగేది.

ఇక తాగే నీళ్ళల్లోని ఫ్లోరైడ్ తెచ్చే జబ్బు. మా నల్లగొండ దిక్కు మర్రిగూడ, చండూరు, మునుగోడు, నాంపల్లి. ఆ పేర్లు చెబితే చాలు. ఈ జబ్బును 1940లలోనే గుర్తించిన్రు, అంటే బోర్లకు ముందు బాయి నీళ్ళల్లోనూ ఉంది. మా కింది రాయి గ్రానైట్, దానిలోని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. నీళ్ళు రాతిలో ఎంత ఎక్కువ కాలం నిలిస్తే, వాటిలో కాల్షియం ఎంత తక్కువుంటే, అంత ఎక్కువ కరుగుతుంది. చెరువు నిండుగా ఉంటే కొత్త వాన నీళ్ళు కిందికి ఇంకి దాన్ని పలుచన చేస్తయి. చెరువు ఎండి, బోరు వందల అడుగుల లోతుకు పోతే, పాత నీళ్ళే పైకి వస్తయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దు. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు లోపల కొత్త పళ్ళు తయారవుతున్న కాలంలో ఆ నీళ్ళు తాగిస్తే పళ్ళ మీద గోధుమరంగు మరకలు పడతయి. అవి రుద్దినా పోవు. ఇంకా తాగితే బొక్కలు గట్టిపడి, నడుము వంగదు, మోకాళ్ళు వంకర పోతయి.

ఆ పిల్లలను చూసి "పూర్వజన్మ కర్మ" అన్నవాళ్ళున్నరు. ఆ మాట అనడమే ఒక పాపం. రాయిలో ఏముందో ఆ బిడ్డ పెట్టలేదు, చెరువును ఆ బిడ్డ ఎండబెట్టలేదు. చేసినవాళ్ళు ఒకరు, చెయ్యకుండా ఊరుకున్నవాళ్ళు ఇంకొందరు, ఆ బాకీ పళ్ళ మీద మోసినవాడు వేరే ఒకడు. కర్మ సిద్ధాంతాన్ని నమ్మేవాళ్ళు ముందుగా చూడవలసింది పైన ఎవరున్నరో, తూము ఎవరి చేతిలో ఉందో. కింద కూర్చొని మోకాళ్ళు పట్టుకున్నవాడిని కాదు.

మా జిల్లా పేరుతోనే నల్లగొండ పద్ధతి అని ఒకటి పుట్టింది. నీళ్ళల్లోంచి ఫ్లోరైడ్ తీసే ఈ పద్ధతిని నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి 1970లలో తయారు చేసింది. ఇంట్లో చేసుకునేది చాలా సులువు. నలభై లీటర్ల బకెట్, అడుగు నుంచి మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల పైన నల్లా. నీళ్ళల్లో సున్నం, పటిక, చిటికెడు బ్లీచింగ్ పౌడర్. పటిక ఎంతన్నది నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఎంతుంది, క్షారత్వం ఎంతుంది అన్నదాన్ని బట్టి పరీక్ష చేయించి తెలుసుకోవాలి, సున్నం సుమారుగా పటికలో ఇరవయ్యో వంతు. పది నిమిషాలు నెమ్మదిగా కలపాలి. గబగబా తిప్పితే కట్టుకున్న తెల్లని తునకలు విడిపోయి అడుక్కు దిగవు. గంటసేపు కదిలించకుండా ఉంచి, పైనున్న తేట నీళ్ళు నల్లా నుంచి పట్టుకోవాలి. నల్లా మరీ అడుగున పెడితే మడ్డి కూడా వస్తుంది. నీళ్ళల్లోంచి తీసిన ఫ్లోరైడ్ అంతా ఆ మడ్డిలోనే ఉంటుంది. దాన్ని బాయి పక్కనో, బోరు గుంతలోనో పారబోస్తే తీసింది మళ్ళీ అక్కడికే. ఊరి తాగునీళ్ళకు, పశువుల తొట్టికి దూరంగా పొయ్యాలి. చాలా ఊళ్ళల్లో ఈ పద్ధతి నడవకపోవడానికి ఈ రోజువారీ శ్రమ ఒక కారణం. ఇప్పుడు కృష్ణ నీళ్ళు నల్లాల్లో వస్తున్నయి. కానీ అంతకు ముందే వంగిపోయిన మోకాళ్ళు మళ్ళీ తిన్నగా కావు.

గొలుసు మాత్రం తెగింది. నల్లగొండ చుట్టు, మహబూబ్‌నగర్ చుట్టు, పై చెరువు నుంచి కింది చెరువుకు పోయే కాలువల మీద ప్లాట్ల రాళ్ళు పడ్డయి. గట్టి వాన పడినప్పుడు అలుగు నీళ్ళు పోవలసిన దారిలో ఇండ్లుంటయి, నీళ్ళు ఆ ఇండ్లల్లోకే వస్తయి. అప్పు చేసి ప్లాటు కొనుక్కున్న వాళ్ళకు అక్కడ కాలువ ఉండేదని ఎవరూ చెప్పలేదు. వాన వెలిసినంక కాంపౌండ్ గోడల మీద నీళ్ళు నిలిచిన మట్టి గీత చూస్తే, ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి సాగి, పాత కాలువ ఎక్కడి నుంచి ఎక్కడికి పోయేదో మొత్తం కనబడుతుంది. లాంతరు పట్టుకొని నీరటి నడిచిన గట్టు ఆ గీత పక్కనే ఉండేది.